ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్: ఇంట్లో ఎలా, రేంజ్‌లో ఎలా?

ఇంట్లో ప్రాక్టీసుకు పిస్టల్, ఖాళీ గోడ చాలు. టార్గెట్ కావాలంటే నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున అంటించండి. 10 మీటర్ల పిస్టల్ టార్గెట్‌లో నల్ల వృత్తం 59.5 మి.మీ. ఉంటుంది కాబట్టి 5 మీటర్ల గదిలో సుమారు 30 మి.మీ. వృత్తం గీయాలి. నన్నడిగితే మొదటి కొన్ని వారాలు అదీ వద్దు. ఉత్త గోడ ముందు నిలబడితేనే చూపు ఫ్రంట్ సైట్ (బ్యారెల్ ముందు కొసన ఉండే గురి ముక్క) మీద నిలుస్తుంది. లేజర్ పరికరాలు కొనకండి. అవి స్కోరు పిచ్చి పెంచుతాయి తప్ప చేతిని కుదురుగా ఉంచవు.

ఇంట్లో చేయాల్సింది డ్రై ఫైరింగ్ ఒక్కటే, అంటే పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వాడే చిన్న సీసపు గుండు) లేకుండా ట్రిగ్గర్ నొక్కడం. పోటీల్లో వాడే చాలా మ్యాచ్ పిస్టళ్లలో ఇందుకు ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ బలంతో గాలిని నొక్కి పేల్చే స్ప్రింగ్ పిస్టల్‌ను మాత్రం ఖాళీగా పేల్చకూడదు. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ గట్టిగా గుద్దుకుని సీల్ పాడవుతుంది.

అందరూ తప్పు చేసేది పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూసుకునే దగ్గర. పెల్లెట్ పెట్టే చోటును తెరిచే లివర్ ఎత్తి, ఓసారి తొంగిచూసి ఖాళీ అనేస్తారు. తూటా తుపాకీలో బోల్ట్ లాగితే తూటా మామూలుగా బయటికొస్తుంది. ఎయిర్ పిస్టల్‌లో అలా రాదు. లివర్ ఎన్నిసార్లు తెరిచినా బ్యారెల్లోకి నెట్టిన పెల్లెట్ అక్కడే బిగుసుకుని ఉంటుంది. అందుకే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు నైలాన్ తీగను వెనక నుంచి దూర్చి, కొస ముందువైపు బయటికి వచ్చేదాకా తోయాలి. తీగ ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఇంతసేపూ వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, పిస్టల్ మూతి మనుషులు లేని గోడవైపు ఉండాలి. తీగకు బదులు, పెల్లెట్ పెట్టే చోట దూర్చే పొట్టి ప్లాస్టిక్ ఫ్లాగ్ పెట్టి సరిపెట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లివర్ తెరిచి ఉందని తప్ప అదేం చెబుతుంది?

పెల్లెట్ల డబ్బా వేరే గదిలో తాళం వేసి ఉండాలి. మధ్యలో ఫోన్ కోసం లేచినా, పిస్టల్ మరొకరి చేతినుంచి వచ్చినా, తీగ మళ్లీ దూర్చాల్సిందే. ప్రాక్టీస్ ముగించి సర్దేశాక "ఇంకొక్కటి" అంటూ మళ్లీ తీయకండి. చూసుకోవడం మరిచిపోయేది ఎక్కువగా అప్పుడే.

రేంజ్‌లో, అంటే షూటింగ్ ప్రాక్టీస్ చేసే చోట, పని సులువు. రేంజ్ ఆఫీసర్ చెప్పేదాకా లోడ్ చేయొద్దు. "స్టాప్" వినగానే ఆపేయండి. అప్పటికే పెల్లెట్ లోపల ఉంటే మూతి టార్గెట్‌వైపే ఉంచి, ఖాళీ చెయ్యి ఎత్తి చెప్పండి. ఆయన అనుమతి లేకుండా దాన్ని పేల్చేయకూడదు. ఎవరైనా ముందుకు వెళ్లేముందు అందరి పిస్టళ్లలో తీగ ఉండాలి, వాళ్లు తిరిగొచ్చేదాకా ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, పెల్లెట్ ముక్కలు వెనక్కి ఎగరొచ్చు. పెల్లెట్లలో సీసం ఉంటుంది కాబట్టి ఏమైనా తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.