మామిడి మాను కొలత: సామిల్లు లెక్క వేరు, కాటా లెక్క వేరు

చిత్తూరు వైపు ముసలి మామిడి తోట కొట్టిస్తే మాను సామిల్లుకు అడుగుల లెక్కన పోతుంది, కొమ్మలు కట్టెల కింద టన్నుల లెక్కన పోతాయి. అడుగు అంటే ఇక్కడ ఘనపుటడుగే.

దుంగ నడిమధ్యలో టేపు చుట్టండి. మొదట్లో చుడితే ఎక్కువ, కొసలో చుడితే తక్కువ వస్తుంది. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు అనుకుందాం. 48లో నాలుగో వంతు 12. పన్నెండు పన్నెండ్లు 144, దాన్ని పొడవు 10తో గుణించి 144తో భాగిస్తే 10 అడుగులు. సామిల్లులో రాసుకునేది ఇదే.

కానీ ఆ దుంగలో నిజంగా ఉన్నది 12.73 అడుగులు. కోతలో పోయే పొట్టుకూ పక్కచెక్కలకూ నాలుగో వంతు లెక్క ముందే 21 శాతం దాకా కోసేస్తుంది. అమ్మకానికి అది సరే. లారీకి బరువు కట్టేటప్పుడు మాత్రం ఆ 10ని 1.27తో గుణించాలి, లేదంటే కాటా మీద ఓవర్‌లోడు తేలుతుంది.

ఆరిన మామిడి అడుగుకు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. సరుగుడు 23 పైనే. పచ్చిది ఎంతన్నది నీళ్లలో చూడటమే మేలు. అదే దుంగ నుంచి ఒకే లావున్న అడుగు పొడవు పుల్ల తీసి, కింది చివర మూసిన పీవీసీ పైపులో నీళ్లు పోసి నిలువుగా వదలండి. పైపు పుల్లకంటే కాస్త వెడల్పుండాలి. గోడకు ఒరుసుకుంటే లెక్క తప్పుతుంది. ఘనపుటడుగు నీళ్లు 28.3 కిలోలు. పుల్ల 9 అంగుళాలు మునిగితే ముప్పాతిక, అంటే అడుగుకు 21 కిలోలు. పూర్తిగా మునిగితే 28 దాటినట్టే. (శేషాచలం ఎర్రచందనం చేవ అలాగే మునుగుతుంది, దాన్ని అనుమతి లేకుండా కొట్టడమే నేరం.)

కట్టెలకు కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, తిన్నగా పేర్చి ఉంటే 0.6తో, వంకర కొమ్మలు విసిరేసి ఉంటే 0.45తో గుణించండి. మిగతాదంతా గాలే. 10×6×3 అడుగుల ట్రాక్టరు ట్రక్కులో విసిరిన ఆరిన మామిడి కొమ్మలు 180×0.45×19, అంటే టన్నున్నర.

ముసలి చింత మానుకు తొర్ర ఉంటుంది. తొర్ర అడ్డుకొలత 6 అంగుళాలైతే 6×6×0.785, పొడవు 10తో గుణించి 144తో భాగించండి: నిజంగా ఉన్న కొలతలోంచి దాదాపు 2 అడుగులు తీసేయాలి. తొర్ర ఒక చివరే కనబడితే గొడ్డలి వెనకతో కొట్టి డొల్ల శబ్దం ఎక్కడిదాకా వస్తుందో వినండి; అక్కడిదాకా ఉన్న పొడవుకే లెక్కగట్టి తీసేయండి.