పాత మారుతి వ్యాన్‌తో ఎండాకాలం శ్రీశైలం ఘాట్ ఎక్కేముందు

టింకరింగ్ అయిపోయింది, పెయింట్ మెరిసిపోతోంది, సీట్ కవర్లు కూడా కొత్తవి కుట్టించారు, ఇంక మే సెలవుల్లో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోదాం అంటున్నారు కదా, ఒక్క నిమిషం ఆగి ముందు డ్రైవర్ సీటు ఎత్తి కింద ఏముందో చూడండి. 1984లో మారుతి వ్యాన్ అని వచ్చి తర్వాత ఓమ్నీగా పేరు మారి 2019లో తయారీ ఆగిపోయిన ఈ బండిలో 796 సీసీ ఇంజిన్ సరిగ్గా మీ కిందే ఉంటుంది. వేడైనా, పెట్రోల్ కారినా, మంట లేచినా అన్నీ అక్కడే. అందుకే నా లెక్కలో పెయింట్ ఆఖరి పని, పెట్రోల్ పైపు మొదటి పని, మనవాళ్ళు ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) బండ్ల కాలం నాటి రబ్బరు పైపులు దాన్ని తట్టుకునేవి కావు, కొన్ని ఉబ్బి మెత్తబడతాయి, కొన్ని ఎండి బీటలు వారతాయి. ట్యాంక్ నుంచి ఫిల్టర్, అక్కడి నుంచి పంపు, పంపు నుంచి కార్బరేటర్ దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కనీ వేలితో వంచి చూడండి, వంపు దగ్గర సన్నటి గీతలు కనిపించినా, చేతికి జిగటగా నల్లగా అంటినా పీకేయండి. ఒక్క పైపు మారిస్తే సరిపోదా అని మెకానిక్ అంటాడు, వినొద్దు, మొత్తం సెట్ మార్చినా సీట్ కవర్లకి పెట్టినంత కాదు. కొత్త పైపు మీద ఎస్ఏఈ 30ఆర్9 అని, అంటే ఇథనాల్ పెట్రోల్‌ని తట్టుకునే రకం అనే గుర్తు, ప్రింట్ ఉందో లేదో చూసి కొనండి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అయినా విజయవాడ ఆటోనగర్‌లో అయినా అడిగితేనే తీస్తారు, అడక్కపోతే మామూలు రబ్బరే చేతిలో పెడతారు. బిగించాక ఇంజిన్ ఆన్ చేసి కాసేపు వదిలేసి ప్రతి క్లిప్పు కింద తెల్ల కాగితం పెట్టి చూడండి, చిన్న చెమ్మ కూడా దాని మీద తెలిసిపోతుంది.

గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. వంటగ్యాస్ సిలిండర్ వెనక పెట్టి నడిపే వ్యాన్లు ఇంకా కనిపిస్తున్నాయి, అది చట్టానికి వ్యతిరేకం అన్నది పక్కనపెడితే ఎండలో మూసిన బండిలో మీ పిల్లల వెనక ఏం పెట్టారో ఆలోచించుకోండి.

సైడ్ డోర్ గురించి ఎవరూ మాట్లాడరు. ఆ డోర్ జారే కింద పట్టీలో తుప్పు, మట్టి చేరి రోలర్ ఇరుక్కుని, బయట నుంచి ఒకడు గట్టిగా లాగితే తప్ప రాని డోర్లు ఎన్నో చూశాను, నిప్పు అంటుకున్నప్పుడు లోపల ఉన్న పెద్దావిడ తీయాల్సింది ఆ డోరే. పట్టీ శుభ్రం చేసి రోలర్ మార్చి, ఇంట్లో అందరికంటే బలం తక్కువ ఉన్నవాళ్ళని లోపల కూర్చోబెట్టి తీయమనండి. డ్రైవర్ చేతికి అందేచోట మంటలార్పే పౌడర్ సిలిండర్ ఒకటి ఉంచండి. సీటు కింద నుంచి పొగ వస్తే ఇగ్నిషన్ ఆపి ముందు అందర్నీ దించాలి, ఏమైందా అని సీటు మొత్తం ఎత్తేస్తే గాలి తగిలి మంట భగ్గున మీ మొహం మీదకే వస్తుంది.

వేడి సంగతి. రేడియేటర్ క్లీన్ చేయించండి, హోసులు మార్చండి, ఉత్త నీళ్ళు కాకుండా కూలెంట్ కలిపి పోయండి. ఎండాకాలం కదా థర్మోస్టాట్ తీసేద్దాం సార్ అనే సలహా ప్రతి షెడ్డులో దొరుకుతుంది, ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ని వదిలేది అదే, పీకేయడం కాదు, పాడైతే కొత్తది వేయించండి. ఘాట్‌లో టెంపరేచర్ మీటర్ ముల్లు పైకి పోతుంటే నీడ చూసి పక్కకి ఆపండి, బాగా చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి పోకండి, తొందరపడి తిప్పి చేతులు కాల్చుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ముల్లు మామూలుగానే ఉండి బండి మాత్రం ముక్కుతూ ఆగిపోతే అది పెట్రోల్ ఆవిరై లైన్లో ఇరుక్కోవడం కావచ్చు, చల్లారనిచ్చి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి మళ్ళీ స్టార్ట్ చేయండి, ఊరికే సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

ఎక్కేటప్పుడు ఇంజిన్ గోల పెడుతుంది కాబట్టి అందరూ భయపడేది ఎక్కడానికే, నిజానికి ప్రమాదం దిగేటప్పుడు. మన్ననూర్, దోమలపెంట దాటి ఈగలపెంట నుంచి డ్యామ్ వైపు మలుపుల్లో దిగాలి, కృష్ణ దాటాక మళ్ళీ సున్నిపెంటకి ఎక్కాలి, వచ్చేటప్పుడు ఇదే తిరగబడుతుంది. దిగేచోట రెండో గేర్, మరీ వాలుగా ఉంటే మొదటి గేర్, బ్రేక్ నొక్కి వదలడమే తప్ప అదే పనిగా కాలు పెట్టి ఉంచొద్దు, పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం అసలే వద్దు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, పాత ఆయిల్ అయితే వేడికి మరిగి పెడల్ ఒక్కసారిగా నేలకి పోతుంది, అందుకే పైన కొంచెం పోసి ఊరుకోకుండా మొత్తం తీయించి కొత్తది పోయించండి, వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పించి లోపల బ్రేక్ ఆయిల్ ఉండే వీల్ సిలిండర్ లీకవుతోందేమో మీ కళ్ళతో చూడండి.

టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2316 అంటే 2016లో 23వ వారం తయారైనట్టు. ఇంట్లో నిలబెట్టిన బండి కాబట్టి టైర్ మీది గాట్లు కొత్తగానే ఉంటాయి, కానీ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, ఆరేళ్ళు దాటితే నేనైతే ఘాట్‌కి తీసుకుపోను. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. ముందు బానెట్ లేని బండి, మీ మోకాళ్ళకీ ఎదుటి లారీకీ మధ్య ఉన్నది ఒక రేకు మాత్రమే, బెల్టులు పనిచేయాలి, వెనక ఖాళీలో దుప్పటి పరిచి పిల్లల్ని కూర్చోబెట్టే అలవాటు మానేయండి.

కాగితాలు కూడా చూసుకోండి, 15 ఏళ్ళు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఫిట్‌నెస్ తప్పవు. మాది వింటేజ్ బండి అంటే కుదరదు, 2021లో వచ్చిన రూల్ ప్రకారం దానికి 50 ఏళ్ళు నిండాలి, అంటే మొట్టమొదటి మారుతి వ్యాన్‌కి కూడా 2034 దాకా ఆ చాన్స్ లేదు.

మన్ననూర్ ఫారెస్ట్ గేట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, కాబట్టి ఆరింటికి గేట్ దగ్గర ఉండేలా బయల్దేరితే ఎండ ముదరకముందే ఘాట్ అయిపోతుంది. అడవిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మెకానిక్ అసలే దొరకడు, ఫ్యాన్ బెల్టు, రెండు క్లిప్పులు, అడుగు పొడవు పెట్రోల్ పైపు, ఒక స్పార్క్ ప్లగ్, ఐదు లీటర్ల నీళ్ళు సీటు వెనక పడేసుకోండి, తిరుగు ప్రయాణంలో పాత హెడ్‌లైట్ల వెలుతురుతో మలుపులు తిరగాల్సిన పని లేకుండా మధ్యాహ్నం ఎండ తగ్గగానే కొండ దిగండి.