సెఫ్‌లో కోట్ల ఆబ్జెక్టుల బకెట్‌కు ఎన్ని షార్డులు?

సెఫ్ (చాలా సర్వర్ల డిస్కులను కలిపి ఒకే నిల్వగా నడిపే సాఫ్ట్‌వేర్) ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో బకెట్ (ఫైళ్లను, అంటే ఆబ్జెక్టులను ఉంచే చోటు) జాబితా మొత్తం ఇండెక్స్ పూల్‌లోని కొన్ని రాడోస్ (సెఫ్ అడుగు నిల్వ పొర) ఆబ్జెక్టుల్లో ఓమ్యాప్ కీలుగా (పేరు-విలువ జతలుగా) ఉంటుంది. ఆ రాడోస్ ఆబ్జెక్టులనే షార్డులంటాం. ఇక్కడ సైజుతో పని లేదు, పేర్ల సంఖ్యే లెక్క. 4 కేబీ థంబ్‌నెయిలైనా 4 జీబీ వీడియో అయినా జాబితాలో దాని వాటా ఒక్క వరుసే. అందుకే టెరాబైట్ల వీడియోలున్న బకెట్ నిక్షేపంగా నడుస్తుంటే, చిన్న ఫొటోల బకెట్ ముందుగా మొరాయిస్తుంది.

షార్డులో కీలు 2,00,000 దాటితే క్లస్టర్ 'లార్జ్ ఓమ్యాప్ ఆబ్జెక్ట్స్' హెచ్చరిక ఇస్తుంది. ఇది డీప్ స్క్రబ్‌లో (డేటాను పూర్తిగా చదివి సరిచూసే తనిఖీలో) మాత్రమే బయటపడుతుంది, కాబట్టి హెచ్చరిక కనిపించేసరికి సమస్య చాలా రోజులుగా ఉండి ఉండొచ్చు. అసలు దెబ్బ ఓఎస్‌డీ (డిస్కును నడిపే సెఫ్ ప్రాసెస్) పడిపోయి రికవరీ మొదలయ్యాక తెలుస్తుంది. పెద్ద షార్డు కోలుకునేదాకా దానిమీదికొచ్చే రైట్‌లన్నీ ఆగి, స్లో ఆప్స్ (ఆలస్యమైన రిక్వెస్టులు) కుప్పపడతాయి.

ముందు 'రాడోస్‌జీడబ్ల్యూ-అడ్మిన్ బకెట్ లిమిట్ చెక్' నడపండి. ప్రతి బకెట్‌కూ షార్డుకు ఎన్ని ఆబ్జెక్టులో చూపించి, పక్కన 'ఓకే', 'వార్న్', 'ఓవర్' అని రాస్తుంది. షార్డుకు డిఫాల్ట్ హద్దు 1,00,000.

షార్డుల సంఖ్య ఇవాళ్టి లెక్కతో వేయకండి. ఇప్పుడు 2 కోట్ల ఆబ్జెక్టులుండి, ఏడాదిలో 6 కోట్లకు చేరేలా ఉంటే, 6 కోట్లను లక్షతో భాగిస్తే 600. దానికి దగ్గరి ప్రధాన సంఖ్య 601 తీసుకోండి, పేర్లు షార్డుల మధ్య సమంగా పడతాయి. వెర్షనింగ్ ఉన్న బకెట్‌లో ఒక్కో వెర్షన్‌కు ఒకటికి మించి కీలు పడతాయి కాబట్టి ఇంకా ఉదారంగా వేయాలి. అలాగని అవసరం లేకుండా వేలల్లో పెంచితే లిస్టింగ్ నెమ్మదిస్తుంది. గేట్‌వే (అప్లికేషన్ల రిక్వెస్టులు అందుకునే సెఫ్ సర్వీస్) ప్రతి షార్డునూ అడిగి, వచ్చినవన్నీ వరుసలో పెట్టాలి మరి.

డైనమిక్ రీషార్డింగ్ (సెఫ్ తనే షార్డుల సంఖ్య మార్చడం) లూమినస్ విడుదల నుంచి ఉంది, డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, 600 సెకన్లకోసారి క్యూ చూసుకుంటుంది, 1,999 షార్డుల దాకా పెంచుతుంది. మామూలు బకెట్లకు అదే చాలు. పెద్దవాటిని దానికి వదలకపోవడమే మేలు. చాలా విడుదలల్లో ఇండెక్స్ కాపీ అవుతున్నంతసేపూ రీడ్‌లు నడుస్తాయి గానీ రైట్‌లు ఆగుతాయి. ఆ ఆగడం పట్టపగలు రద్దీలో వస్తే అప్లికేషన్ టైమ్‌అవుట్లే.

రద్దీ లేని వేళ చేత్తో చేసేదిలా:

1. అదే రాడోస్‌జీడబ్ల్యూ-అడ్మిన్‌లోని 'బీఐ లిస్ట్' (బకెట్ ఇండెక్స్ జాబితా) అవుట్‌పుట్‌ను ఫైల్‌లో దాచుకోండి.
2. 'బకెట్ రీషార్డ్' కమాండ్‌కు బకెట్ పేరు, 'నమ్-షార్డ్స్' విలువ 601 ఇచ్చి నడపండి. ఒకసారి నడక మొదలయ్యాక రద్దు చేయలేరు. 'రీషార్డ్ క్యాన్సిల్' క్యూలో వేచి ఉన్నవాటికే.
3. 'బకెట్ స్టాట్స్'తో కొత్త షార్డుల సంఖ్య, ఆబ్జెక్టుల లెక్క సరిచూడండి.
4. పాత షార్డుల కీలు చెరిగాక రాక్స్‌డీబీలో (ఓఎస్‌డీ లోపలి డేటాబేస్‌లో) టూంబ్‌స్టోన్లు (చెరిపిన కీల గుర్తులు) మిగులుతాయి. ఇండెక్స్ ఓఎస్‌డీలను ఒక్కొక్కటిగా కంపాక్ట్ చేయండి. అన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టొద్దు.
5. హెచ్చరిక తనంతట పోదు. హెచ్చరిక వచ్చిన పీజీకి (ఆబ్జెక్టులను ఓఎస్‌డీలకు పంచే గుంపుకి) డీప్ స్క్రబ్ పెట్టండి.

మల్టీసైట్ (వేర్వేరు చోట్లున్న క్లస్టర్ల మధ్య డేటా సింక్) ఉంటే ఆగండి. రీఫ్‌కు ముందు విడుదలల్లో అక్కడ డైనమిక్ రీషార్డింగ్‌కు మద్దతు లేదు. పాత విడుదల నుంచి రీఫ్‌కు వచ్చినవాళ్లు జోన్‌గ్రూప్‌లో (సింక్ అయ్యే జోన్ల గుంపులో) 'రీషార్డింగ్' ఫీచర్‌ను తామే ఆన్ చేసి పీరియడ్ కమిట్ (మార్పును ఖరారు) చేయాలి. రీషార్డ్ తర్వాత మిగిలిన పాత ఇండెక్సులను చెరిపే 'స్టేల్-ఇన్‌స్టాన్సెస్ ఆర్‌ఎమ్' కమాండ్‌ను మల్టీసైట్‌లో అస్సలు వాడకండి.

షార్డులెన్ని పెంచినా ఇండెక్స్ పూల్ హార్డ్‌డిస్కులమీద ఉంటే ప్రయోజనం అంతంతే. ఎస్‌ఎస్‌డీ క్లాస్‌కు వేరే క్రష్ రూల్ (డేటా ఏ డిస్కులమీద పడాలో చెప్పే నియమం) రాసి పూల్‌ను దానికి మార్చండి. ఎరేజర్ కోడింగ్ (డేటాను ముక్కలు చేసి పంచే) పూల్ ఓమ్యాప్‌ను మోయలేదు కాబట్టి ఇండెక్స్‌కు రెప్లికేటెడ్ (పూర్తి కాపీలు ఉంచే) పూలే కావాలి. పీజీలు మరీ తక్కువైతే 601 షార్డులూ కొద్ది ఓఎస్‌డీల మీదే పడతాయి. పీజీల సంఖ్యను తనే సర్దే ఆటోస్కేలర్ అంత తగ్గించకుండా కనీస పీజీ సంఖ్య పెట్టండి.

కొత్త బకెట్లకైతే జోన్‌గ్రూప్‌లోని 'బకెట్ ఇండెక్స్ మ్యాక్స్ షార్డ్స్' విలువ ముందే మార్చుకోవచ్చు. పాత బకెట్లకు ఇది వర్తించదు. వందల కోట్ల ఆబ్జెక్టులు రాబోతున్నాయంటే మాత్రం షార్డులు పెంచుకుంటూ పోకుండా, తేదీవారీగానో కస్టమర్‌వారీగానో అప్లికేషన్‌లోనే బకెట్లు విడగొట్టండి.