మేడ మీద గదిలో వైఫై నిలవడం లేదా? ముందు ఎక్స్‌టెండర్ చోటు మార్చి చూడండి

కావలిలో మా ఇంట్లో రౌటర్ కింద హాల్లో ఉంటుంది. మేడ మీద గదికి సిగ్నల్ రావడం లేదని, రౌటర్ సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే ఎక్స్‌టెండర్ కొని, ఆ గదిలోనే పెట్టాం. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపించేవి, నెట్ మాత్రం పదే పదే ఆగిపోయేది. ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగితే పిల్లలకు ఎంత టెన్షనో!

తప్పంతా పెట్టిన చోటులోనే ఉంది. ఆ గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య సిగ్నల్‌వి. రౌటర్ నుంచి దానికే సరిగా అందకపోతే అది మనకేం ఇస్తుంది? మెట్ల మలుపు దగ్గరి ప్లగ్గుకి మార్చాక నిలకడ వచ్చింది. మీరూ రౌటర్ సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సుమారు సగం దారిలో పెట్టండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం వెనక మాత్రం వద్దు. స్లాబు, గోడలు దాటాలంటే వైఫై బ్యాండ్లలో (రేడియో తరంగాల శ్రేణుల్లో) 2.4 గిగాహెర్ట్జ్ నయం. 5 గిగాహెర్ట్జ్ వేగమే గానీ గోడలు అడ్డొస్తే త్వరగా తగ్గిపోతుంది. 2.4లో పక్కింటి రౌటర్లు అడ్డుపడుతుంటే రౌటర్ సెట్టింగ్స్‌లో 1, 6, 11 ఛానళ్లలో (ఆ బ్యాండ్‌లోని చిన్న భాగాల్లో) రద్దీ తక్కువున్నది ఎంచుకోండి.

ఒకే బ్యాండ్ మీద అందుకుని, దాని మీదే పంపే ఎక్స్‌టెండర్‌తో వేగం దాదాపు సగమవుతుంది. అది చాలదనుకుంటే రౌటర్ నుంచి పైకి లాన్ కేబుల్ (నెట్ వైరు) లాగించండి, 100 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. పైన పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చే నెట్‌ని వైఫైగా ఇచ్చే పద్ధతిలో) వాడొచ్చు. ఆ మోడ్ లేకపోతే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు) మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్ (WAN, బయటి నెట్ వచ్చే) పోర్టుకి కాకుండా లాన్ పోర్టుకి పెట్టండి.