లాక్ లైటు వెలుగుతోంది, హబ్‌కి మాత్రం మాట చేరదు

గోదావరి వరదల్లో సైనిక దళాలు వెంట తెచ్చుకునే మడత శాటిలైట్ టెర్మినల్ గురించి ఇది. 1.2 మీటర్ల డిష్, కేయూ బ్యాండ్ (11 నుంచి 14 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు), మూడు కాళ్ళ స్టాండు, మోడెమ్, ఓ చిన్న జనరేటర్. డిష్ విప్పడం, ఫీడ్ (డిష్ ముందు నిలిచే కొమ్ము) బిగించడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

సిగ్నలే దొరకడం లేదు

ముందు తలెత్తి చూడండి. కోనసీమ దాదాపు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఉపగ్రహం 83 డిగ్రీల దగ్గరుంటే డిష్ ఇంచుమించు సూటిగా దక్షిణానికి, 70 డిగ్రీల ఎత్తుకు చూడాలి. 74 డిగ్రీల దగ్గరుంటే (నౌకాదళం కోసం 2013లో పంపిన జీశాట్-7 స్థానం అదే) అజిమత్ (ఉత్తరం నుంచి కొలిచే దిక్కు) 206 డిగ్రీల దాకా జరుగుతుంది, ఎత్తు రెండు డిగ్రీలే తగ్గుతుంది. అంత పైకి చూసే డిష్‌కి ఇక్కడ అడ్డం వచ్చేది కొబ్బరిచెట్టు తప్ప మరోటి లేదు. దక్షిణం వైపున్న 20 మీటర్ల చెట్టు మట్టల కొస నుంచి ఎనిమిది మీటర్ల ఎడం ఇస్తే చాలు. గాలి వీచినప్పుడల్లా లింకు తెగి మళ్ళీ వస్తోందంటే తడి మట్ట ఒకటి అడ్డంగా ఊగుతోందన్నమాట. చెట్టు కొట్టమని రైతుని అడగకండి, స్టాండు జరపండి.

దిక్సూచిని జీపు బానెట్ మీద పెట్టి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇనుముకి పది అడుగులు దూరం జరగండి. ఆఫ్‌సెట్ డిష్ (ఫీడ్ నడిమధ్య కాక ఒక అంచు వైపు ఉండేది) ముఖం 70 డిగ్రీల్లో ఉన్నట్టు కనబడదు, ఇంకా నిటారుగా ఉంటుంది. బ్రాకెట్ మీద గీతనే నమ్మండి.

ట్రాన్స్‌మిట్ ఆన్ చేయగానే మోడెమ్ రీబూట్ అవుతోంది

కరెంటు చాలడం లేదు. జనరేటర్ మోత వినలేక నలభై మీటర్ల సన్న వైరు లాగి ఉంటారు. లావు వైరు వేయండి, లేదా మోత భరించండి.

పొద్దున బాగానే ఉంది, సాయంత్రానికి అటువైపు వినబడడం లేదు

దీనికోసమే ఈ రాత. రిసీవ్ లాక్ (దిగివచ్చే సిగ్నల్ మీద మోడెమ్ పట్టు) ఉంటుంది, పచ్చలైటు చక్కగా వెలుగుతుంటుంది, హబ్ (అవతలి పెద్ద కేంద్రం) వాళ్ళు మాత్రం మీ కారియర్ (మీరు పంపే సిగ్నల్) పడిపోయిందంటారు. బయట వాన. అందరూ ఒకే మాట: "వాన వల్ల సార్, తగ్గాక వస్తుంది."

ఓ వరదలో నేనూ అదే అన్నాను. ధవళేశ్వరం దగ్గర నీరు 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఉంది. లంకలో బడి ఆవరణలో డిష్ నిలబెట్టాం. సాయంత్రం వాన వెలిసింది, లింకు రాలేదు. కేబుల్ మార్చాను, బక్ (సిగ్నల్‌కి బలమిచ్చి పైకి పంపే పెట్టె) మార్చాను, మోడెమ్ కూడా మార్చాను. రాత్రి తొమ్మిదింటికి టీ తెచ్చిన పడవాయన నిలబడి చూసి, "మీ గొడుగు ఏటివైపు ఒరిగిందండీ, ఆయ్" అన్నాడు. టార్చి వేసి చూస్తే ఒక కాలి అడుగున ఉండే ఇనప బిళ్ళ మట్టిలోకి పోయింది. చుట్టూ వేలు పట్టేంత గుంట, అందులో నీళ్ళు.

లెక్క చూడండి. కాళ్ళ మధ్య ఎడం మీటరు ఉంటే, ఒక కాలు ఒక సెంటీమీటరు దిగితే డిష్ 0.6 డిగ్రీకి పైనే వాలుతుంది. 1.2 మీటర్ల డిష్ 14 గిగాహెర్ట్జ్ దగ్గర పంపే కిరణంలో అంత పక్కకి జరిగితే సగానికి పైగా బలం పోయినట్టే. దిగివచ్చే సిగ్నల్ 11, 12 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది, ఆ కిరణం కాస్త వెడల్పు. పైగా హబ్ కారియర్‌కి దన్ను ఎక్కువ, మన చిన్న బక్‌కి అది లేదు. అందుకే వినడం ఆగదు, చెప్పడం ఆగిపోతుంది. డిష్ దాదాపు నడినెత్తికి చూస్తుంది కాబట్టి ఏ వైపు కాలు దిగినా దెబ్బే.

వానకీ దీనికీ తేడా పట్టుకోవడం తేలిక. వానకి పడిన సిగ్నల్ మబ్బు దాటిన కొద్ది నిమిషాల్లో తేరుకుంటుంది. కాలు దిగితే వాన వెలిసినా మోడెమ్ చూపే సిగ్నల్ అంకె పైకి రాదు. లంకల ఒండ్రు వానకి నానేటప్పుడే కాలు కూడా దిగుతుంది, తప్పంతా వాన మీదకి పోయేది అందుకే.

స్టాండు తల మీద రసమట్టం పెట్టండి. తాపీమేస్త్రి దగ్గరుండేదే చాలు. బుడగ పక్కకి పోయి ఉంటే ముందు ట్రాన్స్‌మిట్ ఆపండి. ఒరిగిన డిష్‌తో పంపితే పక్క ఉపగ్రహం వాళ్ళకి చికాకు, ఫీడ్ ముందు మీ తల పెడితే మీకు ప్రమాదం. పైమట్టి జానెడు లోతు చెక్కేసి, ప్రతి కాలి కింద అడుగు చదరం మందపాటి చెక్క పరవండి. ఒట్టి ఇటుక పెట్టకండి, అదీ కాలితోపాటే దిగుతుంది. కాళ్ళకి ఇసుక బస్తాలు కట్టి, అరగంట దాని మానాన వదిలేసి, అప్పుడు మట్టం సరిచేయండి. తర్వాత డిష్‌ని రెండు వైపులా సిగ్నల్ పడిపోయేదాకా తిప్పి నడిమధ్య ఆపండి. హబ్ వాళ్ళు పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) చూసి సరేనన్నాకే పంపడం మొదలుపెట్టండి. చెక్క అంచు దగ్గర కాలి మీద సుద్దతో గీత గీస్తే కాలు చెక్కమీంచి జారిందా అన్నది తెలుస్తుంది. చెక్కతో సహా దిగిందా అన్నది మాత్రం బుడగే చెప్తుంది, రెండు గంటలకోసారి చూడండి.

తుఫాను షెల్టర్ శ్లాబు దొరికితే ఈ గొడవేమీ లేదు. నేను ముందు మెట్లెక్కి అదే అడుగుతాను.

మిగతావి

కనెక్టర్‌లో నీరు: విప్పి, ఆరబెట్టి, టేపు చుట్టండి. బక్ కాలిపోవడం: జరుగుతుంది, కానీ మీరనుకున్నంత తరచుగా కాదు. సూర్యుడు ఉపగ్రహం వెనక్కి రావడం: మార్చి మధ్యలో, సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లో, మిట్టమధ్యాహ్నం వేళ కొద్ది నిమిషాలు. ఆ కాసేపు టీ తాగండి.