ఎంఆర్ఐలో లివర్ కొవ్వు కొలుస్తున్నారా? అంకె కన్నా ముందు బొమ్మ చూడండి

అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని రాసేస్తాం. ఎంఆర్ఐలో అదే కొవ్వును శాతంలో చెప్పొచ్చు, దాన్నే పీడీఎఫ్ఎఫ్ (ప్రోటాన్ డెన్సిటీ ఫ్యాట్ ఫ్రాక్షన్) అంటారు, సుమారు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ కిందే లెక్క. ఇబ్బంది ఏంటంటే, స్కాన్ పాడైనా మెషీన్ ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది.

ముందు ఊపిరి సంగతి చూడండి. పేషెంట్‌ను లోపలికి పంపేముందే, బల్ల మీద ఉండగానే రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి, "గాలి పీల్చండి, వదలండి, ఇక బిగబట్టండి" అని వాళ్ల భాషలోనే. లివర్ మొత్తం సుమారు 20 సెకన్లలో వచ్చేస్తుంది, కానీ టెన్షన్‌లో ఉన్న మనిషికి అదే చాలా ఎక్కువ. ఆయాసపడే పెద్దవాళ్లకు స్లైసుల మందం పెంచి టైమ్ తగ్గించండి, కదిలిన స్కాన్ కంటే అది వెయ్యి రెట్లు నయం.

సాధారణంగా 6 ఎకోలు (వేర్వేరు సమయాల్లో పట్టే సిగ్నళ్లు) తీస్తాం. 1.5 టెస్లా (అయస్కాంతం బలం) మెషీన్‌లో కొవ్వు, నీటి సిగ్నళ్లు 2.3 మిల్లీసెకన్ల దగ్గర ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి, 4.6 దగ్గర మళ్లీ కలుస్తాయి. 3 టెస్లాలో అందులో సగం సమయమే. ఫ్లిప్ యాంగిల్ (రేడియో తరంగంతో సిగ్నల్‌ను వంచే కోణం) 3 నుంచి 5 డిగ్రీలు దాటనివ్వకండి. బొమ్మ బాగా వస్తుందని పెంచితే కొవ్వు సిగ్నల్ నీటికంటే త్వరగా కోలుకుంటుంది కాబట్టి శాతం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

స్కాన్ అయ్యాక నేరుగా అంకె దగ్గరికి వెళ్లొద్దు. నీటి బొమ్మ, కొవ్వు బొమ్మ పక్కపక్కన తెరవండి. లివర్‌లో ఒక ముక్క హఠాత్తుగా 90 శాతం చూపిస్తే అది జబ్బు కాదు, సాఫ్ట్‌వేర్ నీటిని కొవ్వనుకుంది. స్ప్లీన్‌లో (ప్లీహంలో) కూడా ఓ గుండ్రం గీసి చూడండి, అక్కడ దాదాపు సున్నా రావాలి, రాకపోతే స్కాన్‌నే అనుమానించండి.

తర్వాత లివర్‌లోని 9 సెగ్మెంట్లలో (భాగాల్లో) ఒక్కో గుండ్రం పెట్టి సగటు తీయండి. రక్తనాళాలు, గాల్‌బ్లాడర్, లివర్ అంచులు తగలకూడదు. గుండె కింద ఉండే ఎడమ వైపు కదలిక వల్ల గజిబిజిగా ఉంటుంది, అక్కడ మరీ జాగ్రత్త.

తలసీమియా వల్ల తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల్లో ఐరన్ బాగా పేరుకుంటే మొదటి ఎకోకే సిగ్నల్ పడిపోతుంది, అప్పుడు కొవ్వు శాతం నమ్మకండి, ఆ మాట రిపోర్టులో రాయండి. ఐరన్‌కి చూసే ఆర్2 స్టార్ విలువ (సిగ్నల్ ఎంత వేగంగా పడిపోతుందో చెప్పే అంకె) 3 టెస్లాలో దాదాపు రెట్టింపు వస్తుంది కాబట్టి ఏ టెస్లాలో తీశారో కూడా రాయండి, ఆరు నెలల తర్వాత ఇంకో సెంటర్‌లో తీసిన స్కాన్‌తో పోల్చే డాక్టర్‌కి అది చాలా అవసరం.