కోచ్ గొడవకు వస్తే బేస్‌బాల్ అంపైర్ ఏం చేయాలి?

మాస్క్, ఛెస్ట్ ప్రొటెక్టర్, షిన్ గార్డులు, గట్టి బూట్లు, బాల్స్ (గురి తప్పిన బంతులు), స్ట్రైక్స్ (సరైన చోట పడినవి లేదా బ్యాటర్ కొట్టబోయి తప్పినవి) లెక్కపెట్టే క్లిక్కర్, ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీదుండే తెల్ల పలక) తుడిచే బ్రష్. సామాను ఇంతే. ఆట మొదలయ్యే ముందే అన్నీ సరిచూసుకోండి.

ప్లేట్ దగ్గర క్యాచర్‌కు, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడికి, సరిగ్గా వెనక నిలబడకండి. క్యాచర్‌కూ బ్యాటర్‌కూ మధ్యనున్న సందులోంచి చూడాలి, మీ గడ్డం క్యాచర్ తల ఎత్తున ఉండాలి. తల కదపకుండా బంతి గ్లవ్‌లో పడేదాకా కళ్లతో వెంబడించి, ఒక్క క్షణం ఆగి కాల్ (తీర్పు) ఇవ్వండి. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలే, తొందరపడితే అంచులు తప్పుతాయి.

బంతిని కొట్టిన బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్ దగ్గర, బంతి వచ్చే దారికి లంబంగా, 15 నుంచి 18 అడుగుల దూరంలో ఆగండి. చూపు బేస్ మీద, చెవి గ్లవ్ చప్పుడు మీద. బేస్ మీదికి పరుగెత్తి కాల్ ఇచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అంత దగ్గరికెళ్తే కాలునూ బంతినీ ఒకేసారి చూడలేరు.

అసలు కష్టం కోచ్ డగౌట్ (జట్టు కూర్చునే చోటు) దాటి వచ్చినప్పుడే. మీరు ఎదురెళ్లకండి, ఉన్నచోటే ఉండండి. మాస్క్ తీసి ఎడమ చేత్తో పట్టుకోండి. చేతులు కట్టుకోవద్దు, నడుం మీద పెట్టుకోవద్దు. ముందు ఆయన్ని మాట్లాడనివ్వండి. మధ్యలో అడ్డుపడితే అర నిమిషంలో తేలాల్సిన మాట ఐదు నిమిషాలు సాగుతుంది.

వింటూనే ఒకటి తేల్చుకోండి: ఆయన అడిగేది మీరు చూసినదాని గురించా, రూల్ గురించా? అధికారిక నియమాల్లో 8.02 ప్రకారం రన్నర్ సేఫా (బంతి కన్నా ముందే బేస్ చేరాడా), అవుటా అన్న అంపైర్ అంచనాకు తిరుగులేదు. రూల్ తప్పుగా వాడారని అనుమానమొస్తే మాత్రం అడిగే హక్కు మేనేజర్‌కు, అంటే జట్టు ప్రధాన కోచ్‌కు, ఉంది, అప్పుడు విసుక్కోకూడదు. జవాబు ఒక్క వాక్యం చాలు: "బంతి కన్నా ముందు రన్నర్ కాలు తగిలింది సార్." బాల్స్, స్ట్రైక్స్ మీద వాదనకు వస్తే ఒకసారి హెచ్చరించండి, ఆగకపోతే బయటికి పంపండి.

ఫస్ట్ బేస్‌మన్ కాలు బేస్ మీంచి లేచిందేమో, బంతి జారిందేమో అని మీకే సందేహముంటే ఆటగాళ్లకు దూరంగా వెళ్లి తోటి అంపైర్‌ను అడగండి. మీరు అడగందే ఆయన జోక్యం చేసుకోకూడదు, అదీ 8.02లోనే ఉంది. తప్పు జరిగిందని తర్వాత తెలిస్తే ఒప్పుకోండి. 2010 జూన్ 2న బంతి విసిరే అర్మాండో గలరాగా పర్ఫెక్ట్ గేమ్‌కు (అవతలి జట్టులో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆటకు) ఒక్క అవుట్ దూరంలో ఉండగా అంపైర్ జిమ్ జాయిస్ రన్నర్‌ను సేఫ్ అన్నారు. ఆట అయ్యాక వీడియో చూసి, తప్పు తనదేనని చెప్పి క్షమాపణ అడిగారు. ఆయన మీద నాకున్న గౌరవం దానివల్లే పెరిగింది. ఒక తప్పును పూడ్చడానికి అవతలి జట్టుకు ఇంకో తప్పుడు కాల్ ఇవ్వడం మాత్రం ఎన్నడూ చేయకండి.

కాల్‌ను తిడితే ఓర్చుకోండి. మిమ్మల్ని తిడితే, ఆ క్షణమే పంపేయండి. చెయ్యెత్తి సైగ చేసి వెనక్కి తిరిగి నడవండి, కోచ్‌ను తీసుకెళ్లే పని తోటి అంపైర్‌ది. ఆయన మైదానం దాటాక ప్లేట్ తుడిచి, డగౌట్ వైపు చూడకుండా "ప్లే" అనండి.